ఇబ్రాహీం ఊరికి ఎన్ని దారులు

మమ్మల్ని ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. కొందరు నవ్వుతూ అడుగుతారు. కొందరు పళ్ళు కొరుకుతూ అడుగుతారు. మీరు నమాజుకి పడమటికి తిరుగుతారు గదా, మీ మనసెక్కడుంటుంది? మీ పుణ్యక్షేత్రం అరబ్బు దేశంలో ఉంటే ఇది మీ దేశం ఎట్లా అవుతుంది? టీ కొట్టు దగ్గర అడిగినా, ఎన్నికల సభలో అడిగినా ఈ ప్రశ్నకి కొలతబద్ద ఒక్కటే. దాన్ని 1923లో 'హిందుత్వ' పుస్తకంలో సావర్కర్ తయారుచేసి పెట్టాడు. ఈ నేల ఎవరికి పితృభూమీ, పుణ్యభూమీ రెండూ అవుతుందో వాళ్ళే ఈ జాతి అన్నాడు. ముస్లింలకీ, క్రైస్తవులకీ ఇది పితృభూమి అయితే కావచ్చు, పుణ్యభూమి మాత్రం ఎక్కడో అరేబియాలో, పాలస్తీనాలో ఉంది కాబట్టి వాళ్ళ ప్రేమ చీలిపోయి ఉంటుందన్నాడు.

బోనులో నిలబడి దీనికి జవాబు చెప్పడం మాకు అలవాటైపోయింది. అష్ఫాఖుల్లా ఖాన్ ఉరికంబం ఎక్కాడంటాం. 1965 యుద్ధంలో అబ్దుల్ హమీద్ ప్రాణమిచ్చాడంటాం. ప్రతి తరమూ కొత్త సాక్షుల్ని వెతుక్కుని రావాల్సిందే. ఈసారి సాక్షుల్ని పిలవం. ఆ వేలు ఎటు చూపిస్తోందో అటే వెళ్ళి చూద్దాం. ముస్లింలకీ, క్రైస్తవులకీ, యూదులకీ కూడా పుణ్యభూమి అంటున్న ఆ నేల మీద అసలేం జరిగింది? అక్కడికి జట్లు జట్లుగా పోయేవాళ్ళు ఏం చూస్తారు, ఏం చూడకుండా వస్తారు?

హైదరాబాదు నుంచి ఉమ్రాకి బయల్దేరే జట్లలో కొన్ని జోర్డాన్ మీదుగా బైతుల్ ముఖద్దస్ కూడా చూసి వస్తాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి పాస్టరుగారి వెంట బయల్దేరే జట్లు యెరూషలేము పోతాయి. పేర్లు వేరు గానీ ఊరు ఒక్కటే. అవే బస్సులు, అవే చెక్‌పోస్టులు. మా వాళ్ళు మస్జిదె అఖ్సాలో రెండు రకాతులు చదివి కళ్ళు తుడుచుకుంటారు. వాళ్ళు యేసు సిలువ మోసిన దారిలో పాటలు పాడుకుంటూ నడుస్తారు. ఏ జట్టుకి ఆ జట్టు గైడు ఉంటాడు. ఎవరి కథ వాళ్ళకి చెబుతాడు. ఒకే గల్లీలో భుజాలు రాసుకుంటూ పోయిన ఇద్దరు తెలుగువాళ్ళు ఒకరినొకరు పలకరించుకోకుండానే తిరిగొచ్చే అవకాశం ఉంది. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఈ ప్రయాణాలు బాగా దెబ్బతిన్నాయి. కాని ఆ నేల మా ఇళ్ళల్లో పేర్ల రూపంలో ఎప్పటినుంచో ఉంది.

మా ఇబ్రాహీం వాళ్ళ అబ్రాహాము. మా మూసా వాళ్ళ మోషే. దావూద్ దావీదు, యూసుఫ్ యోసేపు, యాఖూబ్ యాకోబు, మరియం మరియ. ఒకే ఊళ్ళో దూదేకుల పేటలో ఒక ఇబ్రాహీం, మాల పల్లెలో ఒక అబ్రహాం ఉంటారు. ఇద్దరూ ఒకే కూలికి ఒకే చేలో దిగుతారు. వాళ్ళ పేర్లు ఒకే ముసలాయనవని ఇద్దరికీ ఎవరూ చెప్పి ఉండరు. ఇబ్రాహీం సమాధి ఉన్న ఊరిని అరబ్బులు అల్ ఖలీల్ అంటారు. ఖలీల్ అంటే స్నేహితుడు, అల్లాకి స్నేహితుడు. తెలుగు బైబిల్లో ఆ ఊరి పేరు హెబ్రోను. ఆ హీబ్రూ పేరుకి కూడా స్నేహితుడనే మాటతోనే చుట్టరికం చెబుతారు. మా గల్లీల్లో ఖలీల్ పేరున్న పిల్లలు ఎంతమందో లెక్కలేదు. హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో భక్తసింగ్ పెట్టిన ప్రార్థనా మందిరం పేరు హెబ్రోను. రెండూ ఒకే ఊరు.

మూడోవాళ్ళు కూడా తెలుగునాట ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1990ల మొదట్లో సినగాగు కట్టుకున్నాయి. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి తామేనని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం చరిత్రకి నిలుస్తుందా లేదా అని పరిశోధకులు వాదించుకుంటారు. మాకు తోచేది వేరే. ఊరు వెలివేసిన మనిషి ఊరి బయట ఒక పుణ్యభూమిని వెతుక్కుంటాడు. ఒకడికది మక్కా అవుతుంది, ఒకడికి యెరూషలేము అవుతుంది. అతని ప్రేమ చీలిపోయిందని అనేవాళ్ళు, అతన్ని ఊరి నుంచి చీల్చిందెవరో చెప్పరు.

ఇక యెరూషలేము సంగతి. హజ్రత్ ముహమ్మద్ మదీనాకి వచ్చాక కూడా పదహారు పదిహేడు నెలలు ముస్లింలు ఈ ఊరి వైపే తిరిగి నమాజు చేశారు. 624లో ఖిబ్లా కాబా వైపు మారింది. అంటే మా మొదటి దిక్కు యూదుల దిక్కే. ఖలీఫా ఉమర్ కాలంలో, 637-38 ప్రాంతంలో, ఈ ఊరు ముస్లింల చేతికి వచ్చింది. నగరాన్ని అప్పగించిన క్రైస్తవ పెద్ద సోఫ్రోనియస్. యేసు సమాధి మీద కట్టిన చర్చిలో ఉండగా నమాజు వేళైందనీ, ఇక్కడే చేసుకోమని సోఫ్రోనియస్ అన్నా ఉమర్ ఒప్పుకోలేదనీ, బయటికొచ్చి మెట్ల మీద చేశాడనీ కథ ఉంది. నేను లోపల చేస్తే, ఉమర్ ఇక్కడ నమాజు చేశాడని చెప్పి రేపు మా వాళ్ళు మీ చర్చిని లాక్కుంటారన్నాడట. ఈ కథ పదో శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యుటికియస్ రాతల్లో ఉంది. అక్షరాలా ఇట్లాగే జరిగిందా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాలి. కాని వందల ఏళ్ళుగా రెండు మతాలవాళ్ళూ ఈ కథని దాచుకున్నారంటే అందులో వాళ్ళకి కావాల్సిందేదో ఉంది. గెలిచినవాడు తన భక్తి ఎక్కడ ఆగాలో తెలుసుకున్నాడు. తన తర్వాత వచ్చే తనవాళ్ళని చూసి భయపడ్డాడు.

ఆ భయం ఉత్తదేమీ కాదు. 1099లో క్రూసేడర్లు ఊళ్ళో జొరబడి ముస్లింల్నీ, యూదుల్నీ కలిపి నరికారు. అఖ్సాని రాజభవనం చేసుకున్నారు. 1187లో సలాహుద్దీన్ తిరిగి గెలిచినప్పుడు అట్లాంటి ఊచకోత జరగలేదు. ఆ చర్చిని కూల్చెయ్యమన్నవాళ్ళ మాట ఆయన వినలేదు. ఈనాటికీ ఆ చర్చి తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తెరిచే పని ఇంకో ముస్లిం కుటుంబం దగ్గర ఉన్నాయి. జూదే వాళ్ళు చెవి దాస్తారు, నుసైబా వాళ్ళు తలుపు తీస్తారు. దీన్ని చూసి మత సామరస్యం అని మురిసిపోయేవాళ్ళుంటారు. అంత తేలిగ్గా మురిసిపోనక్కర్లేదు. లోపల ఆరు క్రైస్తవ శాఖలున్నాయి. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నదానికి తన్నుకున్న రోజులున్నాయి. అందుకే పద్దెనిమిదో, పందొమ్మిదో శతాబ్దాల్లో ఉస్మానీ సుల్తానులు ఫర్మానాలిచ్చి, ఉన్నది ఉన్నట్టే ఉండాలని కట్టడి చేశారు. ముందు గోడకి ఆనించిన చిన్న చెక్క నిచ్చెన పద్దెనిమిదో శతాబ్దం నుంచీ అక్కడే ఉందంటారు. దాన్ని తియ్యడానికి ఎవరికి హక్కుందో తేలలేదు కాబట్టి తియ్యలేదు.

యాత్రికులు ఆ నిచ్చెనని ఫొటో తీసుకుని నవ్వుకుంటారు. మాకది నవ్వులాట కాదు. కలిసి బతకడానికి ప్రేమే అక్కర్లేదని ఆ నిచ్చెన చెబుతోంది. ఎదుటివాడి వాటా ఎంతో తెలిసి ఉండటం, దాని మీద చెయ్యి వెయ్యకపోవడం చాలు. మమ్మల్ని ప్రేమించండి అని మేం ఎవరినీ అడగడం లేదు.

ఒలీవల కొండ మీద దీనికంటే చిన్న జాగా ఒకటుంది. ఒక గుహలో ఒక సమాధి. యూదులు అది హుల్దా అనే ప్రవక్త్రిదంటారు. క్రైస్తవులు పెలాజియా అనే సాధ్విదంటారు. ముస్లింలు రాబియా అదవియ్యాదంటారు. రాబియా బస్రా మనిషి, సమాధి అక్కడే ఉండాలని చదువుకున్నవాళ్ళు చెబుతూనే ఉన్నారు. అయినా జనం మానలేదు. మూడు మతాల ఆడవాళ్ళూ ఒకే రాయికి మూడు పేర్లు పెట్టుకున్నారు. ఆ పక్కనే యేసు ఆకాశానికి ఎగసిన చోటని క్రైస్తవులు నమ్మే చిన్న కట్టడం ఉంది. అది ముస్లిం వక్ఫు. సాలుకోసారి ఆరోహణ పండక్కి క్రైస్తవ శాఖలు అక్కడికి వచ్చి ఆరాధన చేసుకుంటాయి. మన ఊళ్ళల్లో పీర్ల చావిడి సంగతి తెలిసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామిని ఎత్తే చేతులు ఎవరివో చూసినవాళ్ళకి అసలే వింత కాదు.

ఇక హెబ్రోను. ఇబ్రాహీం, సారా, ఇస్‌హాఖ్, రిబ్కా, యాఖూబ్, లేయా ఉన్నారని మూడు మతాలూ నమ్మే గుహ ఇక్కడుంది. దాని చుట్టూ ఉన్న పెద్ద పెద్ద రాళ్ళ ప్రాకారం రెండు వేల ఏళ్ళనాటిది, హేరోదు కాలందంటారు. లోపలి కట్టడం చేతులు మారుతూ వచ్చింది. బైజాంటియం కాలంలో చర్చి, తర్వాత మస్జిదు, క్రూసేడర్లొచ్చాక మళ్ళీ చర్చి, సలాహుద్దీన్ తర్వాత మళ్ళీ మస్జిదు. ఇప్పుడు అందులో ఉన్న చెక్క మింబర్ 1091లో అస్ఖలాన్‌లోని ఇమాం హుస్సేన్ దర్గా కోసం చేసింది. సలాహుద్దీన్ దాన్ని ఇక్కడికి తెప్పించాడు.

1047లో పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఈ ఊరొచ్చాడు. మా ఉర్దూవాళ్ళు సఫర్‌నామా అనే రచనకి తాతల్లాంటి పుస్తకం ఆయనది. అందులో ఇబ్రాహీం దర్గా దగ్గర వచ్చిన ప్రతి అతిథికీ ఒక రొట్టె, ఆలివ్ నూనెతో వండిన మసూర్ పప్పు, ఎండుద్రాక్ష ఇస్తారని రాశాడు. ఇబ్రాహీం అతిథి లేనిదే అన్నం తినేవాడు కాదని మా పెద్దవాళ్ళు చెప్పే మాట. ఆయన పేరు మీద పొయ్యి వెలిగింది. శతాబ్దాల పాటు వెలుగుతూనే ఉంది.

అయితే ఆ పొయ్యి పక్కనే ఒక మెట్టు కథ కూడా ఉంది. 1266లో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ యూదుల్నీ, క్రైస్తవుల్నీ లోపలికి రానివ్వకూడదన్నాడు. ఆ తర్వాత ఏడు వందల ఏళ్ళు యూదులు బయటి మెట్ల దగ్గరే ఆగారు. ఏడో మెట్టు దాకా రావచ్చు, ఎనిమిదో మెట్టు ఎక్కకూడదు. తమ తండ్రి సమాధికి ఏడు మెట్ల దూరంలో నిలబడి వాళ్ళు రాయికి నుదురు ఆనించి ఏడ్చారు. ఇది మా సుల్తాను చేసిన పని. దీన్ని కప్పిపెట్టి చర్చిలో నమాజు చెయ్యని ఉమర్ కథ ఒక్కటే చెప్పుకుంటే అది చరిత్ర కాదు, కరపత్రం. 1929 ఆగస్టులో అదే ఊళ్ళో 67 మంది యూదుల్ని చంపారు. ఆ రోజే వందలమంది యూదుల్ని తమ ఇళ్ళల్లో దాచి కాపాడింది కూడా అదే ఊరి అరబ్బు ముస్లిం కుటుంబాలే. రెండు మాటలూ కలిపి చెప్పాలి. మొదటి మాట ఒక్కటే చెప్పేవాళ్ళకి మా రక్తం కావాలి. రెండో మాట ఒక్కటే చెప్పేవాళ్ళకి మా గొప్ప కావాలి.

1948 నుంచి 1967 దాకా పాత యెరూషలేము జోర్డాన్ చేతిలో ఉంది. ఆ పందొమ్మిదేళ్ళూ యూదుల్ని తమ పడమటి గోడ దగ్గరికి రానివ్వలేదు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ గెలిచింది. గెలిచిన కొద్ది రోజుల్లోనే ఆ గోడ ముందు మైదానం కోసం మగ్రిబీ వాడని బుల్‌డోజర్లతో నేలమట్టం చేసింది. సుమారు 135 ఇళ్ళు. మొరాకో నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం యాత్రికుల కోసం 1193 ప్రాంతంలో సలాహుద్దీన్ కొడుకు వక్ఫుగా ఇచ్చిన వాడ అది. యాత్రికుల కోసం కట్టిన వాడని ఇంకో మతం యాత్రికుల కోసం కూల్చారు.

హెబ్రోనులో ఏడో మెట్టు నిషేధం 1967తో పోయింది. యూదులు లోపలికొచ్చారు. రావలసిందే, వాళ్ళ తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. కాని వాళ్ళ వెనకే సైన్యం వచ్చింది, ఊళ్ళో సెటిల్‌మెంట్లు వచ్చాయి. 1994 ఫిబ్రవరి 25, రంజాన్ నెల, శుక్రవారం. ఫజర్ నమాజులో సజ్దాలో ఉన్నవాళ్ళ మీద బరూచ్ గోల్డ్‌స్టీన్ అనే సెటిలర్ తుపాకీతో కాల్పులు జరిపాడు. 29 మంది అక్కడే చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. అతను వృత్తికి డాక్టరు. తర్వాత ఏమైంది? చనిపోయినవాళ్ళ ఊరికే కర్ఫ్యూ. చనిపోయినవాళ్ళ మస్జిదుకే తాళం. నెలల తర్వాత తలుపులు తెరిచేసరికి లోపల రెండు ముక్కలుగా ఉంది. ఇస్‌హాఖ్, రిబ్కా ఉన్న పెద్ద హాలు ముస్లింలకి. యాఖూబ్, లేయా ఉన్న భాగం యూదులకి. ఇబ్రాహీం సమాధిని రెండు వైపుల నుంచీ కిటికీ కమ్మీల్లోంచి చూడాలి. ఏడాదిలో పది రోజులు మొత్తం వాళ్ళది, పది రోజులు మొత్తం వీళ్ళది. ఊళ్ళో ముఖ్యమైన బజారు వీధి షుహదా వీధి పాలస్తీనీయులకి మూసుకుపోయింది.

హైదరాబాదు జట్టు ఒక తలుపు నుంచి పోతుంది. అమెరికా నుంచి వచ్చిన యూదుల జట్టు ఇంకో తలుపు నుంచి పోతుంది. ఇద్దరూ ఒకే ముసలాయనకి సలాం చెబుతారు. మధ్యలో సైనికుడుంటాడు.

ఇక్కడ మళ్ళీ సావర్కర్ దగ్గరికి రావాలి. పాలస్తీనా యూదు రాజ్యమైతే యూదులకెంత ఆనందమో తనకీ దాదాపు అంత ఆనందమని ఆయన ఆ పుస్తకంలోనే రాశాడు. ఎందుకు? ఒక జాతికి పితృభూమీ పుణ్యభూమీ ఒక్కటే కావాలన్న సూత్రం అక్కడ నిజమవుతుంది కాబట్టి. సరే, నిజమైంది. ఆ సూత్రాన్ని ఒక రాజ్యం చేతుల్లో పెట్టి అమలు చేస్తే ఎట్లా ఉంటుందో చూడాలంటే హెబ్రోను వెళ్ళి చూడొచ్చు. పుణ్యభూమి ఒక్కరిదే అయినచోట మిగిలినవాళ్ళు ఆ నేల మీదే పుట్టినా అదనపు మనుషులవుతారు. ఆ పాలస్తీనీయుల్లో మక్కా వైపు తిరిగేవాళ్ళే కాదు, బేత్లెహేములో యేసు పుట్టిన చోటే పుట్టిన క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ళ పుణ్యభూమి దూరదేశంలో లేదు. వీధి చివర్నే ఉంది. ఆ కొలతబద్ద ప్రకారం వాళ్ళు నూటికి నూరుపాళ్ళు నెగ్గాలి. నెగ్గలేదు. బేత్లెహేము పక్కనే ఉన్న రాహేలు సమాధి ఒకప్పుడు మూడు మతాల ఆడవాళ్ళూ సంతానం కోసం వచ్చి మొక్కుకున్న చోటు. రెండో ఇంతిఫాదా ఏళ్ళ నుంచి దాని చుట్టూ కాంక్రీటు గోడ లేచింది. సమాధి గోడకి ఆ పక్కనా, ఊరు ఈ పక్కనా మిగిలాయి. కొలతబద్ద ఎప్పుడూ భక్తిని కొలవలేదు. ఎవరి చేతిలో బలం ఉందో దాన్నే కొలిచింది.

అందుకే ఆ యాత్రకి పోవాలా వద్దా అన్న తగువు కూడా ఆ దేశాల్లో పెద్దదే. ఆక్రమణలో ఉన్న యెరూషలేముకి బయటి ముస్లింలు పోకూడదని 2012లో యూసుఫ్ అల్ ఖర్జావి అన్నాడు. రండి, ఖైదీని చూడ్డానికి వస్తే జైలరుని ఒప్పుకున్నట్టు కాదని పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ వాదించాడు. ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవుల పోప్ మూడో షెనూదా కూడా తన జనాన్ని అక్కడికి పోవద్దని ఏళ్ళ తరబడి కట్టడి చేశాడు. ముస్లింలు లేకుండా మేం ఒక్కళ్ళం లోపలికి పోమన్నది ఆయన పట్టు. ఇందులో ఎవరి పక్షమైనా వహించవచ్చు. ఒక్క సంగతి మాత్రం మరవకూడదు. వీసా ఉన్న హైదరాబాదువాడు అఖ్సాలో సజ్దా చెయ్యగలడు. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న హెబ్రోను కుర్రాడికి పర్మిట్ కావాలి. అది చాలాసార్లు దొరకదు. జట్టుగా పోయేవాళ్ళు దువాలో ఆ కుర్రాణ్ణి గుర్తుచేసుకోకపోతే అది యాత్ర కాదు, షికారు.

యెరూషలేములో మనదీ ఒక గుమ్మం ఉంది. హేరోదు ద్వారం పక్కన జావియా హిందియా, హిందీవాళ్ళ సరాయి. పంజాబు సూఫీ బాబా ఫరీద్ పన్నెండు పదమూడు శతాబ్దాల సంధిలో అక్కడికి పోయి ధ్యానం చేశాడని సంప్రదాయం. ఆయన పలుకులు సిక్కుల గురుగ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. ముస్లిం సూఫీ, సిక్కులకి పూజ్యుడు, మూడు మతాల ఊళ్ళో ఆయన పేరు మీద సత్రం. ఖిలాఫత్ రోజుల తర్వాత 1924లో సహారన్‌పూర్ నుంచి వెళ్ళిన అన్సారీ కుటుంబం ఆ సరాయిని నిలబెట్టింది. 1967 యుద్ధంలో గుళ్ళు పడి ఆ ఇంటివాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా ఖాళీ చెయ్యలేదు. హరమ్ మరమ్మతుకి హైదరాబాదు నిజాం విరాళమిచ్చాడు. మా సంబంధం డబ్బుదే కాదు, నెత్తురుది కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా రంగంలో బ్రిటిష్‌వాళ్ళ తరఫున పోరాడిన గుర్రపుదళాల్లో హైదరాబాదు లాన్సర్లున్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళది. 1917 డిసెంబరులో యెరూషలేము బ్రిటిష్‌వాళ్ళకి దక్కాక సఖ్రా గుమ్మటం చుట్టూ హిందుస్తానీ ముస్లిం సిపాయిల్నే కాపలా పెట్టారు. తమ పుణ్యభూమిని ఇంకొకడి సామ్రాజ్యం కోసం కాపలా కాసిన సిపాయిలు వాళ్ళు. ప్రేమ చీలిపోయిందని అప్పుడు ఏ దొరా అడగలేదు.

హరమ్ పడమటి అంచున ఒక సమాధి ఉంది. మౌలానా మహమ్మద్ అలీది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడు ఆయనే. ఆంధ్రదేశం ఆయన్ని చూసింది, విన్నది. 1930 చివర్లో లండన్ రౌండ్ టేబుల్ సభకి జబ్బు మనిషిగా వెళ్ళాడు. నా దేశానికి స్వాతంత్ర్యం ఇవ్వండి, లేదంటే ఇక్కడే నాకు సమాధి ఇవ్వండి, బానిస దేశానికి తిరిగి పోనని చెప్పాడు. 1931 జనవరి 4న అక్కడే కన్నుమూశాడు. యెరూషలేము ముఫ్తీ పిలుపు మీద శవాన్ని అక్కడికి తీసుకుపోయి ఖననం చేశారు. ఆ ముఫ్తీ తర్వాతి కాలంలో హిట్లర్ పంచన చేరాడు, అదీ చరిత్రే. స్వతంత్ర దేశంలో సమాధి అడిగిన మనిషికి దొరికిన జాగా మరో బ్రిటిష్ పాలిత దేశంలోది. అయినా ఆయన అడిగిందేమిటో చూడండి. పుణ్యభూమి అడగలేదు. పితృభూమికి స్వాతంత్ర్యం అడిగాడు. పుణ్యభూమి తనంతట తానే వచ్చింది.

ఇక మన ఇంటికి వద్దాం. హెబ్రోను సంగతి మాకు ఎక్కడో జరిగినట్టు ఉండదు. అయోధ్యలో 1850లలో బ్రిటిష్‌వాళ్ళు కటకటాల గోడ కట్టారు. లోపల ముస్లింలు, బయట హిందువులు. అదీ ఒక రకం ఏర్పాటే, తొంభై ఏళ్ళు నడిచింది. 1949 డిసెంబరులో ఒక రాత్రి లోపల విగ్రహాలు పెట్టారు. మస్జిదుకి తాళం పడింది. 1986లో తాళం తీసింది పూజ కోసం. 1992 డిసెంబరు 6న కట్టడమే లేదు. విగ్రహాలు పెట్టడమూ, కూల్చడమూ చట్టవిరుద్ధమని 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు చెబుతూనే స్థలం గుడికిచ్చింది. 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగింది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనాస్థలం ఎట్లా ఉందో అట్లాగే ఉండాలని 1991లో పార్లమెంటు చట్టం చేసింది. అది మన నిచ్చెన. గోడకి ఆనించి ఉన్నంత కాలమే దానికి అర్థం. 2024 జనవరి 31న జ్ఞానవాపి నేలమాళిగలో పూజకి కోర్టు అనుమతిచ్చింది. నిచ్చెన మీద చెయ్యి పడిందని మేం అంటాం.

యాత్రల డబ్బు గొడవ కూడా చెప్పుకుందాం. హజ్ సబ్సిడీ పేరుతో మమ్మల్ని ఏళ్ళ తరబడి ఎత్తిపొడిచారు. ఆ సొమ్ము హాజీ చేతికెప్పుడూ రాలేదు, విమానం టిక్కెట్లలో పోయింది. 2012లో సుప్రీంకోర్టు పదేళ్ళలో ఎత్తెయ్యమంది, 2018లో ఎత్తేశారు. మేం ఏడవలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రికులకి సాయం పెంచింది. మూడు లక్షల లోపు ఆదాయమున్నవాళ్ళకి 40 వేల నుంచి 60 వేలు. దాని మీదా అదే గోల. కైలాస మానససరోవరం టిబెట్‌లో ఉంది, చైనా వీసా కావాలి. పశుపతినాథుడు నేపాల్‌లో ఉన్నాడు. హింగ్లాజ్ మాత బలూచిస్తాన్‌లో, గురునానక్ పుట్టిన నన్‌కానా సాహిబ్ పాకిస్తాన్‌లో ఉన్నాయి. వాళ్ళు పోవాలి, పోయి రావాలి. వాళ్ళ మనసెక్కడుందని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. మమ్మల్ని అడగడం కూడా మానెయ్యమంటున్నాం, అంతే.

మాలోని వాళ్ళతోనూ ఒక మాట. పీర్లు ఎత్తడం షిర్కని, దర్గాకి హిందువులు రావడం తప్పని, ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి మన ఆడవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుపోవడం హరామని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. బీబీ నాంచారి మన ఆడపడుచని కడప ముస్లింలు వెంకన్నని అల్లుడు అనుకున్నారు. ఆ వరసని తెంపేవాళ్ళు బైబర్స్ సుల్తాను మెట్టు మీదే నిలబడి ఉన్నారు. ఏడో మెట్టు ఎవరికి కట్టినా చివరికి మనకే అడ్డం వస్తుంది.

గాజాలో 2023 అక్టోబరు 19న సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్ళ మీద బాంబు పడింది. ఆ డిసెంబరులో అదే ఊళ్ళో పెద్ద ఉమరీ మస్జిదు కూలింది. ఆ మస్జిదు ఒకప్పుడు చర్చి. అందులో ఒక స్తంభం మీద యూదుల ఏడు కొమ్మల దీపస్తంభం చెక్కి ఉండేది, ఆ చెక్కడాన్ని ఎవరో ఎప్పుడో చెరిపేశారు. మూడు మతాల గుర్తులు మోసిన రాళ్ళు ఒకే కుప్పగా పడ్డాయి.

హజ్ నుంచి మా వాళ్ళు జంజం నీళ్ళు, ఖర్జూరాలు తెస్తారు. పక్కింటి రామయ్యగారికి ఖర్జూరాలు పంచుతారు. యెరూషలేము పోయినవాళ్ళు సీసాలో యొర్దాను నీళ్ళు తెచ్చుకుంటారు. కాశీ పోయినవాళ్ళు గంగ తెచ్చి ఊళ్ళో సమారాధన చేస్తారు. పుణ్యభూమికి పోయినవాడు ఎవడైనా అక్కడ ఉండిపోవడానికి పోడు. పోయి వచ్చానని చెప్పుకోవడానికి ఒక ఊరు కావాలి. మాకూ ఆ ఊరు ఇదే. కొలవడానికి బద్ద పట్టుకుని రాకండి. వస్తే ఖర్జూరం తీసుకుని కూర్చోండి, ఇబ్రాహీం పేరున అతిథికి మా ఇంట్లో పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది.